ఇయ్యాల్టికైతే ఉన్నది

"లారీ ఎట్లుంది?" అని ఎవరు అడిగినా బుచ్చిరాములు మంచిగుందని చెప్పడు. "ఇయ్యాల్టికైతే ఉన్నది" అంటాడు. ఈ జవాబు ఆయన సొంతం కాదు. క్లీనరుగా ఎక్కిన మొదటి లారీలో డ్రైవర్ వీరయ్య నేర్పింది. వీరయ్య లెక్కలో లారీకి చెవులుంటాయి. బ్రేకులు బాగున్నాయని దాని ముందర అన్నామో, గర్వం తలకెక్కి పది మైళ్లు పోకముందే ఏదో ఒకటి విరగ్గొట్టుకుంటుంది. అందుకని పొద్దున్నే చుట్టూ తిరిగి చూసుకోవాలి, చూసింది చూసినట్టు అనుకోవాలి, మెచ్చుకోవద్దు. వీరయ్య ఇప్పుడు ధూళిమిట్టలో మనవళ్లను ఆడిస్తున్నాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపినా కాలూ చెయ్యీ చెక్కుచెదరలేదు. ఆ మాట నిజమనడానికి బుచ్చిరాములుకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగు నెలల కిందట బుచ్చిరాములు తన పేరు మీద ఒక లారీ కొన్నాడు. పాతదే, పది టైర్లది. గజ్వేల్‌లో ఒక కూరగాయల వ్యాపారి దగ్గర ఎనిమిదేళ్లు తిరిగింది. సిద్దిపేటలో చిన్నకోడూరు దారి మీద ఆయన ఇంటిని ఆనుకొని కట్టె కోత మిషన్ ఉంది. దాని గోడ వెంబడి లారీ నిలుపుకోవడానికి జాగ ఇచ్చారు. లారీ ఇంటికి వచ్చిన రోజు భార్య విజయమ్మ పసుపు కుంకుమ పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. చూడవచ్చిన వాళ్లలో ఒక ముసలాయన "మంచి లారీ కొన్నవు బిడ్డా" అన్నాడు. బుచ్చిరాములు గబుక్కున బంపర్ మీద చెయ్యి వేసి, పిల్లవాడి చెవులు మూసినట్టు నిలబడ్డాడు.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఇతరుల లారీలు నడిపాడు. అప్పుడు పని సగమే. కాగితాలు ఓనరువి, స్టీరింగు డ్రైవరుది. ఎవరైనా ఆపి ఏదైనా అడిగితే ఓనరుకు ఫోన్ కలిపి ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ కలిపినా అది తన జేబులోనే మోగుతుంది. పైగా ఒక్క లారీ ఉన్న కొత్త ఓనరుకు లోడు ఎవరిస్తారు? పెద్ద ట్రాన్స్‌పోర్టుల వాళ్లు వద్దన్నది మిగిలితే వస్తుంది. వారంలో నాలుగు రోజులు లారీ అడ్డా మీద ఊరికే నిలబడుతోంది. ఇట్లాగే సాగితే దసరా నాటికి లారీ అమ్మేసి మళ్లీ ఇంకొకరి స్టీరింగు పట్టుకోవాలి. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. విజయమ్మకు చెప్పకుండానే తెలుసు.

గజ్వేల్ దగ్గర కోళ్ల దాణా ఫ్యాక్టరీ ఒకటి ఉంది. మక్కలు లోపలికి, దాణా బస్తాలు బయటికి, ఏడాది పొడుగునా లోడు. కాకపోతే తమ లిస్టులో ఉన్న లారీలకే ఇస్తారు. అక్కడ లారీల పని చూసే రత్నాకర్‌ను బుచ్చిరాములు మూడుసార్లు కలిశాడు. మూడోసారి ఆయన తలెత్తి చూశాడు.

"లారీ ఎట్లుందన్నా?"

"ఇయ్యాల్టికైతే ఉన్నది సార్."

"మరి రేపు ఉండదా?" రత్నాకర్ నవ్వాడు. "లిస్టుల ఎక్కాలంటే సేఫ్టీ తనిఖీ గావాలె. వచ్చే నెల మేడం వస్తది. ఫారం వాట్సాప్ పెడుత, అండ్ల ఉన్నయన్ని తయారు వెట్టుకో. ఈసారి తప్పితే మళ్ల ఆర్నెల్లకే."

ఫారం పన్నెండు పేజీలు, అంతా ఇంగ్లీషులో ఉంది. కూతురు స్నేహ చదివి చెప్పగలదు కానీ ఆ పిల్ల కరీంనగర్‌లో నర్సింగ్ హాస్టల్లో ఉంది. బుచ్చిరాములు దాన్ని పాత బస్టాండు దగ్గర నదీమ్ జిరాక్స్ షాపుకు తీసుకుపోయాడు. నదీమ్ జిరాక్సులు తీస్తాడు, దరఖాస్తులు నింపుతాడు, అడక్కపోయినా సలహాలిస్తాడు. ఫారం తిరగేసి కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకున్నాడు.

"రాములన్నా, గిది లారీకా, పెండ్లికా? గింత సామాను అడుగుతుండ్రేంది?"

ఒక్కొక్కటి చదివి చెప్తుంటే బుచ్చిరాములు వేళ్లు మడిచాడు. మంటలార్పే సిలిండరు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా. లారీ చుట్టూ రేడియం పట్టీ. ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం. సీటు బెల్టు. డ్రైవరు కంటి పరీక్ష కాగితం.

"చక్రాల కింద వెట్టే దిమ్మెలు, రెండు" అన్నాడు నదీమ్.

"నా దగ్గర రాయున్నది."

"రాయని రాయలేదన్నా. దిమ్మెలని రాసిండ్రు."

"దిమ్మె వెట్టినా లారీ ఆగుతది, రాయి వెట్టినా ఆగుతది. ఆగుడే గదా గావాలె."

ఆ రాయి సంగతి నదీమ్‌కు తెలియదు. మూడు మూలల నల్లరాయి, రెండు కొబ్బరికాయలంత ఉంటుంది. బుచ్చిరాములు లారీ మారినప్పుడల్లా తన పరుపుచుట్ట, స్టీలు టిఫిన్‌తో పాటు దాన్నీ మోసుకెళ్లాడు. ఏ ఓనరూ ఇవ్వలేదు కాబట్టి ఏ ఓనరూ అడగలేదు.

చివరి పేజీలో నదీమ్ ఆగాడు. "గిది అసలుది. ముప్పై రోజుల పుస్తకం. దినాం పొద్దుగాల బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టీరింగు సూసి రాయాలె. ఓకే అని, నాట్ ఓకే అని. కింద డ్రైవరు రాత్రి ఎన్ని గంటలు పండుకున్నడో గూడ రాయాలెనట."

"నా నిద్రతోని ఆళ్లకేం పని?"

"ఏమో, కోళ్ల ఫ్యాక్టరీ గదా. తొందరగ లేస్తవా లేవవా సూస్తరు కావచ్చు."

ఇంటికి వచ్చి చెప్తే విజయమ్మ నవ్వలేదు. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పాతికేళ్లుగా అదే పని. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం చూపు పెట్టకుండానే జరిగిపోతాయి. రోజూ సాయంత్రం కట్టలు తీసుకుపోయి, బీడీ కంపెనీ తరఫున వాటిని తీసుకునే టేకేదారు ముందర పెడుతుంది. ఆయన ఒక్కొక్క కట్టనూ వేలితో నొక్కి చూసి, నచ్చని బీడీలు తీసి పక్కన పారేస్తాడు.

"నీకు గిప్పుడొచ్చింది తనిఖీ" అంది. "నన్ను పాతికేండ్ల సంది దినాం తనిఖీ జేస్తుండ్రు. ఏనాడన్న లొల్లి వెట్టిన్నా? సక్కగ నిలవడాలె, అడిగినదానికే జవాబు చెప్పాలె, ఎదురు నవ్వద్దు. పుస్తకం నేను రాస్త."

"నేను రాసుకుంట గదా."

"నువ్వు రాస్తే అది సదవనీకి వీరయ్యను ధూళిమిట్ట నుంచి పిలిపియ్యాలె."

ఆమె ఏడో తరగతి వరకు చదివింది, ఆయన ఐదు. అట్లా నదీమ్ షాపులో కొన్న పుస్తకం ఆమె చేతికి పోయింది. పొద్దున్నే బుచ్చిరాములు లారీ చుట్టూ తిరుగుతాడు. ఇనుప రాడుతో ఒక్కొక్క టైరునూ కొట్టి శబ్దం వింటాడు. గాలి సరిగ్గా ఉన్న టైరు ఖంగుమంటుంది, తగ్గినది మూలుగుతుంది. ఇంజను వేసి బ్రేకు గాలి నిండేదాకా ముల్లు చూస్తాడు. కిందికి వంగి ఎక్కడైనా నూనె కారిందేమో వేలు పెట్టి వాసన చూస్తాడు. తరువాత వచ్చి గడపలో కూర్చుంటే, ఆమె తంబాకు చెయ్యి కొంగుకు తుడుచుకొని పెన్ను తీసుకుంటుంది.

"బ్రేకులు?"

"ఇయ్యాల్టికైతే ఉన్నయ్."

"ఓకేనా, నాట్ ఓకేనా?"

"నేను జెప్పింది రాయి."

మొదటి రోజు కొంచెం వాదన జరిగింది. ఓకే అంటే మంచిగుందనే కదా, అది రాస్తే చదువు రాని లారీకి ఎట్లా తెలుస్తుందని ఆమె అడిగింది. రాసేటప్పుడు నువ్వు పైకి అనుకుంటూ రాస్తావు, అది వింటుందని ఆయన అన్నాడు. అది నిజమే. విజయమ్మకు పెదవులు కదపకుండా రాయడం రాదు. చివరికి నాలుగు గళ్లలోనూ "ఇయ్యాల్టికైతే ఉన్నది" అనే పడింది.

తొమ్మిదో రోజు ఎడమ ఇండికేటరు ఒకసారి వెలిగి చాలాసేపు ఆరిపోతోంది. "ఉన్నది గని సిగ్గువడుతుందని రాయి" అన్నాడు. ఆమె అదే రాసింది. సాయంత్రానికి మెకానిక్ దగ్గర వైరు మార్పించాడు. పదో రోజు గడిలో "సిగ్గు వోయింది" అని ఉంది.

ఆ పుస్తకం వల్ల ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. పెళ్లయిన ఇన్నేళ్లలో బుచ్చిరాములు బయటి నుంచి వచ్చి అన్నం తిని పడుకునేవాడు, లేచి పోయేవాడు. రోడ్డు మీద ఏం జరిగిందో చెప్పేవాడు కాదు, ఆమె అడిగేది కాదు. ఇప్పుడు రోజూ కాసేపు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవలసి వస్తోంది. ఇండికేటరు గురించే అయినా, మాట మాటే.

పదిహేడో రోజు ఆయన నాందేడ్‌లో లోడు దించి వచ్చాడు. టైర్లయ్యాయి, లైట్లయ్యాయి. "నిద్ర?" అంది ఆమె.

బుచ్చిరాములు గోడ వైపు తిరిగి చెప్పాడు.

"రెండు గంటలు. రామాయంపేట దాటినంక కండ్లు మూతవడ్డయ్. ఎడమ చక్రాలు రోడ్డు పక్క మొరం మీదికి దిగినయ్. ఆ సప్పుడుకు మెలకువొచ్చింది. పక్కకు ఆపి గా రెండు గంటలు పండుకొని వచ్చిన."

పెన్ను ఆగిపోయింది. "గిది రాయాల్నా?"

"అడిగిండ్రు గదా."

"గిట్లయ్యుడు ఇదే మొదలా?"

"ఇరవై రెండేండ్లు విజయా. గిన్నిసార్లని ఎట్ల చెప్పాలె?"

ఆమె ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకానికి పుస్తకం తిప్పి పెట్టింది. ఆ రోజు బీడీలు చుడుతుంటే మూడు ఆకులు చినిగాయి. అట్లా ఎన్నడూ చినగవు. సాయంత్రం టేకేదారు దగ్గర ఎక్కువ బీడీలు పక్కకు పడ్డాయి. ఇంటికొచ్చాక ఆయనతో అన్నది ఒక్క మాటే: "రేపటి సంది నువ్వు నిద్ర లెక్క ఉన్నదున్నట్టు చెప్పుడు, నేను రాసుడు. మంచిదేనా?" మంచిదే అన్నాడు.

తనిఖీ ముందురోజు మధ్యాహ్నం బుచ్చిరాములు కాగితాలన్నీ జిరాక్స్ తీయించి ఫైలు కట్టించడానికి నదీమ్ షాపుకు పోయాడు. అన్నీ సమకూరాయి. సిలిండరు కొన్నాడు. రేడియం పట్టీ తానే అంటించాడు. మొన్న ఆదివారం వచ్చిన స్నేహ ఫస్ట్ ఎయిడ్ డబ్బా సర్దిపోయింది. నదీమ్ పుస్తకం పేజీలు తిప్పుతూ పదిహేడో రోజు దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, నీకేమన్న తిక్కనా? కండ్లు మూతవడ్డయని ఎవడన్న రాసిస్తడా? గీ పేజీ సూసినంక ఆ మేడం నీకు లోడిస్తదా? బస్సు టికెట్ కొనిచ్చి ఇంటికి పంపుతది."

"పేజీ చింపితే?"

"పేజీలకు నంబర్లున్నయ్ సూడు." నదీమ్ అటూ ఇటూ చూసి, కౌంటరు కింది నుంచి ఇంకో పుస్తకం తీశాడు. ముప్పై రోజులూ నింపి ఉంది. మూడు రంగుల పెన్నులతో. మొదటి పేజీ కుడి మూలన గుండ్రంగా ఒక మరక. "చాయ్ మరక గూడ వెట్టిన. వాడినట్టు ఉండాలె గదా. లారీ నంబరు, పేరు ఖాళీ. నీకైతే ఊరికెనే ఇస్త, తీస్కపో."

బుచ్చిరాములు తీసుకున్నాడు. ఇంటికి వచ్చి దాచాలనుకున్నాడు కానీ, దాచడం ఆయనకు చేతకాదు. సంచి పెట్టిన తీరు చూసే విజయమ్మ లోపల ఏదో ఉందని పట్టేసింది. పుస్తకం తీసి పేజీలు తిప్పింది. ఓకే, ఓకే, ఓకే. నిద్ర ఎనిమిది గంటలు, ఎనిమిది గంటలు, ఎనిమిది గంటలు.

"ఎవరయ్యా ఈయన? పెండ్లాం పిల్లలు లేనట్టున్నది. నెలనాళ్లు ఎనిమిది గంటలు పండుకున్నడు."

"నదీం భాయ్ ఇచ్చిండు. చాయ్ మరక గూడ ఉంది సూడు."

"మనింట్ల చాయ్ గింత చిక్కగ ఏనాడు వెట్టిన?"

ఆయనకు నవ్వు రాలేదు. ఈసారి తప్పితే ఆరు నెలలు. ఆరు నెలలు లారీ చేతిలో నిలవదు.

విజయమ్మ చాట పక్కకు జరిపింది. "ఒక్క సంగతి జెప్తా విను. మొదటేడు నాకు చుట్టుడు సరిగ్గ రాకపోయేది. మా మేనత్త చుట్టినయి అడుక్కొని ఒక కట్ట కట్టిన. ఇరవై అయిదుకు ఇరవై అయిదు ఒక్కతీరుగున్నయ్. టేకేదారు గా కట్టనే ముందుగాల ఇప్పిండు. గీ కట్టల నీ బీడీ ఒక్కటి లేదు గదనే అన్నడు. గంతమంది ముందర." అంతవరకే చెప్పి మళ్లీ ఆకు అందుకుంది. "రాసుడు నా పని. ఇచ్చుడు నీ పని. ఏదిచ్చుకుంటవో నీ ఇష్టం."

పొద్దున బుచ్చిరాములు రెండు పుస్తకాలూ సీటు కింద పెట్టుకొని బయలుదేరాడు.

ఫ్యాక్టరీ ఆవరణలో ఆయనకు ముందు మూడు లారీలున్నాయి. తనిఖీ చేస్తున్న దీక్షితకు స్నేహ కన్నా ఐదారేళ్లు ఎక్కువుంటాయేమో. నారింజ రంగు జాకెట్, తల మీద పసుపు టోపీ. టార్చి పట్టుకొని లారీ కిందికి పూర్తిగా దూరి చూస్తోంది. ఓనర్లెవరూ అట్లా దూరగా బుచ్చిరాములు చూడలేదు. అది చూసి ఆమె మీద గౌరవమూ కలిగింది, భయమూ పెరిగింది.

తన వంతు వచ్చింది. ఆమె లైట్లు వేయించింది, సీటు బెల్టు లాగి చూసింది, సిలిండరు తారీఖు చదివింది. చక్రం కింద నల్లరాయి దగ్గర ఆగింది.

"ఇదేంటండీ?"

"రాయి మేడం."

"కనిపిస్తోంది. దిమ్మెలేవి?"

"ఇరవై రెండేండ్ల సంది లారీ ఒక్కసారి గూడ కదల్లేదు మేడం."

"ఇరవై రెండేళ్లు ఈ రాయేనా?" ఆమె వంగి దాన్ని చేత్తో తడిమి చూసింది. అరిగి నున్నగా అయిన అంచు మీద వేలు పెట్టింది. "ఇక్కడ అరిగింది చూడండి. తడి నేల మీద జారుతుంది." ఫారంలో ఏదో గీత గీసింది. బుచ్చిరాములు ఆ రాయి తరఫున చిన్నబుచ్చుకున్నాడు.

"రిజిస్టర్ ఇవ్వండి."

క్యాబిన్ ఎక్కి సీటు కిందికి చెయ్యి పెట్టాడు. రెండూ ఒకే మందం, ఒకే అట్ట. చూడకుండా కూడా ఏదేదో తెలిసిపోతోంది. ఒకటి జిరాక్స్ షాపు వాసన, ఒకటి తంబాకు వాసన. ముప్పై రోజులు విజయమ్మ గడపలో కూర్చొని, పెదవులు కదుపుతూ రాసింది. ఇది వదిలేసి అది ఇచ్చి ఇంటికి పోతే, ఏమైందని ఆమె అడగదు. అడగకుండా ఆకు కత్తిరిస్తూ కూర్చుంటుంది. తంబాకు వాసన పుస్తకమే తీసి కిందికి దిగాడు.

దీక్షిత దాన్ని బల్ల మీద పెట్టింది. అక్కడ ముందు వచ్చిన లారీల పుస్తకాలు మూడు తెరిచి ఉన్నాయి. మూడింటికీ మొదటి పేజీ కుడి మూలన, ఒకే జాగలో, గుండ్రంగా చాయ్ మరక. బుచ్చిరాములు చూశాడు. విజయమ్మ చెప్పింది గుర్తుచేసుకొని ఎదురు నవ్వకుండా పెదవి కొరుక్కున్నాడు.

"ఇయ్యాల్టికైతే ఉన్నది." ఆమె పేజీ తిప్పింది. "ఇయ్యాల్టికైతే ఉన్నది. రోజూ ఇదేనా? ఓకే అని ఎందుకు రాయలేదు?"

"రేపటి సంగతి నాకెట్ల తెలుస్తది మేడం? సూసిన పొద్దుకు ఉన్నది. గదే రాయించిన."

ఆమె పెన్నుతో గడ్డం మీద తట్టుకుంది. "నా ఫారంలో రెండే గళ్లున్నాయి. ఇది ఏ గడిలో పెట్టాలి?"

చివరికి ఆమే "సరే, ఓకే" అని పైకే అంటూ టిక్కు పెట్టింది. బుచ్చిరాములు చటుక్కున వెనక్కి జరిగి బంపర్ మీద చెయ్యి వేశాడు.

సిగ్గుపడే ఇండికేటరు దగ్గర ఆమె నవ్వింది. పదిహేడో పేజీ దగ్గర ఆ నవ్వు పోయింది. రెండుసార్లు చదివింది.

"నాందేడ్‌లో ఎప్పుడు బయలుదేరారు? కళ్లు మూతపడేదాకా ఎక్కడా ఆగలేదా?"

అడిగినదానికే జవాబు చెప్పాడు. రాత్రి పదకొండుకు బయలుదేరాననీ, పొద్దున్నే అడ్డాకు చేరితే ఇంకో లోడు దొరుకుతుందేమోనని ఆగలేదనీ చెప్పాడు. ఆమె అదంతా రాసుకుంది. అయిపోయిందనుకున్నాడు. ఆరు నెలలు, అనుకున్నాడు.

"ఈ పేజీ ఎందుకు ఉంచారు?"

"రాసింది మా ఇంటామె మేడం. చింపితే, ఎందుకు చింపిన్నో మళ్ల ఆమెకు జెప్పాలె గదా."

దీక్షిత తరువాతి పేజీలు తిప్పుతూ ఆగింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది.

"ఇవి మీరు చదివారా?"

"లేదు మేడం. సంతకం వెట్టిన అంతే."

"పదిహేడు దాకా 'పండుకున్న' అని ఉంది. పద్దెనిమిది నుంచి 'పండుకున్నడు' అని ఉంది." ఆమె చదవడం మొదలుపెట్టింది. సిద్దిపేట మాట ఆమె నోట కొంచెం బడిపాఠంలా పలికింది. "పద్దెనిమిది. ఏడు గంటలంటుండు. అయిదే పండుకున్నడు. నాలుగింటికి లేసి లారీ సుట్టు తిరిగిండు. ఇరవై. రాత్రి లోడు వస్తే పోలేదు. నేనే పోనియ్యలేదు. ఎనిమిది గంటలు పండుకున్నడు. ఇరవై మూడు. ఆరు గంటలంటుండు. ఆరే. నిజమే జెప్పిండు."

రోజూ బుచ్చిరాములు అంకె చెప్పినప్పుడు విజయమ్మ సరేనని తలూపింది. తలూపి, తనకు తెలిసింది రాసుకుంది. తాను మంచం మీద కళ్లు మూసుకొని ఉన్న గంటలన్నీ ఆమె లెక్కపెడుతోందన్నమాట. మరి ఆమె ఎప్పుడు పడుకున్నట్టు?

దీక్షిత పుస్తకం మూసి, తన ఫారం ముందుకు లాక్కుంది.

"చూడండి, రాత్రి లోడు మీకు ఇవ్వలేను. మూడు నెలలు పగటి లోడే. ఈ పుస్తకం ఇట్లాగే నడవాలి, రాసేవాళ్లు మారకూడదు. మూడు నెలల తర్వాత చూస్తాను. దిమ్మెలు గురువారం లోపల తెచ్చి చూపించండి. రాయి పనికిరాదు."

"లిస్టుల ఉన్నట్టేనా మేడం?"

"దిమ్మెలు వస్తే ఉన్నట్టే."

పగటి లోడు తక్కువ, అందులో దూరం లోడు ఇంకా తక్కువ. అయినా వారంలో నాలుగు రోజులు అడ్డా మీద నిలబడటం కంటే ఎంతో నయం. వచ్చేదారిలో సిద్దిపేటలో ఆగి నదీమ్‌కు పుస్తకం తిరిగిచ్చాడు.

"చాయ్ మరక జర జాగ మార్చు భాయ్. అన్నింటికీ ఒక్కతాన్నే ఉంది."

ఇంట్లో విజయమ్మ చేతిలో పని ఆపకుండా ముఖం చూసింది. ఏం చెప్పాలో దారిలోనే అనుకొని వచ్చాడు కానీ, చెప్పలేకపోయాడు. "నన్ను నమ్మవా నువ్వు?" అని మాత్రం అన్నాడు.

"సదివిందా ఆమె?"

"అందరి ముందర సదివింది."

"మరి లోడిచ్చిందా?"

"పగటియి ఇచ్చింది."

ఆమె తలవంచుకుని ముడి గట్టిగా బిగించి దారం తెంపింది. ఆ ముడికి అంత బిగింపు అవసరం లేదు.

మరునాడు కట్టె కోత మిషన్ వాళ్లు వేపకొయ్యతో రెండు దిమ్మెలు చేసిచ్చారు. అవి ఫ్యాక్టరీలో చూపించి వచ్చాక, నల్లరాయిని ఆయన ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకొని గడపలో నిలబడ్డాడు. విజయమ్మ దాన్ని తీసుకొని కడిగి, తడిపి చుట్టిన బీడీ ఆకు గోనె మీద బరువుగా పెట్టింది. అక్కడికి సరిగ్గా సరిపోయింది.

తెల్లారి పొద్దున పెన్ను తీసుకుంది. బ్రేకులు, టైర్లు, లైట్లు, అన్నీ ఇయ్యాల్టికైతే ఉన్నాయి.

"నిద్ర?"

"నన్నెందుకు అడుగుడు? నేను పండుకుంటిని. నీకే ఎరుక."

ఆమె రాసింది. బుచ్చిరాములు మొదటిసారి సంతకానికి ముందు వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాడు.

"ఏడేనా? తొమ్మిదింటికి పండుకున్న, అయిదింటికి లేసిన. ఎనిమిది గదా?"

"ఒక గంట నీ గురకతోని నాకు నిద్ర లేదు. అది కోసిన." టేకేదారు కట్ట నొక్కినట్టు ఆ అంకె మీద వేలు పెట్టి చూపింది. "సంతకం వెట్టు. లోడుకు యాళ్లయితుంది."

పెట్టాడు.